నీళ్లలో గడ్డి మందు: ల్యాబ్ అడిగే ఎదురు ప్రశ్న

సీసాలో నీళ్లు పట్టుకెళ్లి "ఇందులో గడ్డి మందు ఉందేమో చూడండి" అంటే, మంచి ల్యాబ్ ముందు ఎదురు ప్రశ్న వేస్తుంది: "ఏ గడ్డి మందు?" అడిగినవాళ్లకు అది తప్పించుకునే మాటలా వినిపించవచ్చు. నిజానికి అక్కడ అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. కలుపు మందు అనేది ఒక్క పదార్థం కాదు. ఎరువుల దుకాణంలో ఒకే అరలో పక్కపక్కన కూర్చునే డబ్బాల్లో ఒకటి నీళ్లలో ఇట్టే కరిగిపోతుంది. ఇంకొకటి నీటిని ముట్టక మట్టిని పట్టుకుంటుంది. ఒకటి ఆమ్లం, మరొకటి ధనావేశం మోసే లవణం. వీటన్నిటినీ ఒకే వలతో పట్టే పద్ధతి ఇంతవరకు లేదు. అందుకే పరీక్ష ఫలితం ఎంత నమ్మదగినదో తెలియాలంటే యంత్రం ఖరీదు కాదు, ఏం వెతికారు, ఎప్పుడు తెచ్చిన నీళ్లలో వెతికారు అన్నది చూడాలి.

సూరత్‌లోని నవాగామ్ లాంటి చోట ఈ ప్రశ్న ఇంకా చిక్కుపడుతుంది. డిండోలి, లింబాయత్‌ల పక్కనే ఉన్న ఈ పేటల్లో తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా పవర్‌లూమ్ కార్ఖానాల మీద బతుకుతున్నాయి. సూరత్ కార్పొరేషన్ బడుల్లో గుజరాతీ, మరాఠీ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉండటానికి కారణం ఈ వలసే. చుట్టూ చూస్తే మగ్గాలు, అద్దకం మిల్లులు, రైలు పట్టాలు. పొలం ఊసే లేదు, ఇక కలుపు మందు గొడవెందుకు అనిపిస్తుంది. కానీ తూర్పుకు ముప్ఫై కిలోమీటర్లు వెళ్తే బార్డోలి. అక్కడినుంచి పల్సాణా, కామ్‌రేజ్ దాకా కాకరాపార్ కాలువల నీటితో పండే చెరకు. ఆ వైపు నుంచి పల్లానికి దిగే నీరే ఖాడీలనే వాగులుగా మారి నగరాన్ని దాటుతుంది. వానాకాలంలో మీఠీ ఖాడీ పొంగితే లింబాయత్ వీధుల్లోకి వచ్చేది ఊరి మురుగు ఒక్కటే కాదు. కొళాయి నీళ్లు ఖాడీవి కావు, తాపీ నదివి. అయితే ముల్తాయిలో పుట్టి 700 కిలోమీటర్లకు పైగా ప్రవహించి వచ్చే ఆ నదికి కూడా దారి పొడవునా పొలాలే. నది, ఖాడీ, బోరు: ఒకే పేటలో మూడు రకాల నీళ్లు. ల్యాబ్‌కు ఈ మూడూ మూడు వేరువేరు సమస్యలు.

చెరకులో ఏం చల్లుతారో ముందు చూడాలి. ముచ్చెలు నాటిన రెండు మూడు రోజుల్లో, కలుపు మొలవకముందే అట్రజిన్ లేదా మెట్రిబుజిన్. వెడల్పాటి ఆకుల కలుపు లేచాక 2,4-డి. వరి ఉన్నచోట బ్యూటాక్లోర్, ప్రెటిలాక్లోర్. గట్ల మీద గ్లైఫోసేట్, పారాక్వాట్. మన గోదావరి, కృష్ణా ఆయకట్టుల్లోనూ ఇంచుమించు ఈ పేర్లే వినిపిస్తాయి. గ్లైఫోసేట్‌ను తెగులు నివారణ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ చల్లకూడదని కేంద్రం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. గట్టు మీద గడ్డి ఆ ఉత్తర్వు చదివిందో లేదో మరి.

అట్రజిన్‌నే పట్టుకుందాం, ఎందుకంటే నీటి పరీక్షల చరిత్రలో ఎక్కువగా కనిపించే పేరు అదే. స్విట్జర్లాండ్‌లోని గైగీ కంపెనీ 1950ల చివర్లో తెచ్చిన మందు. లీటరు నీటిలో 33 మిల్లీగ్రాముల దాకా కరుగుతుంది. చూడ్డానికి తక్కువే, కానీ మనం మాట్లాడుకునే మోతాదుల ముందు అది సముద్రం. మట్టికి గట్టిగా అంటుకోదు, రెండు మూడు నెలలు నిలిచి ఉంటుంది. కాబట్టి వానో, తడో వస్తే నీళ్లతో పాటు నడుస్తుంది. హెక్టారుకు ఒక కిలో మందు చల్లారనుకుందాం. అందులో నూటికి ఒక వంతు, అంటే పది గ్రాములు కాలువలోకి దిగిందనుకుందాం. తాగునీటికి మన భారత ప్రమాణం అట్రజిన్‌కు పెట్టిన హద్దు లీటరుకు 2 మైక్రోగ్రాములు. ఆ పది గ్రాములు 50 లక్షల లీటర్ల నీటిని ఆ హద్దు దాకా తీసుకెళ్లగలవు. ఒక్క హెక్టారు లెక్క ఇది.

హద్దుల కథ కూడా ల్యాబ్ కథే. భారత తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500, 2012 ప్రతిలో అట్రజిన్‌కు 2, అలాక్లోర్‌కు 20, ఐసోప్రోట్యురాన్‌కు 9, 2,4-డికి 30 మైక్రోగ్రాములు అని ఉంటుంది. ఇవి ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత సూచికల్లోని అంకెలే. ఆ సంస్థ తర్వాత అట్రజిన్ అంకెను, దాని విచ్ఛిన్న పదార్థాలతో కలిపి, 100కు పెంచింది. అమెరికా 3 దగ్గర నిలబడింది. యూరప్ మాత్రం ఏ పురుగుమందైనా, ఏ కలుపు మందైనా సరే 0.1 మైక్రోగ్రాము దాటకూడదు, అన్నీ కలిపి 0.5 దాటకూడదు అంటుంది. ఈ 0.1 ఏ ఎలుకల ప్రయోగంలోంచీ వచ్చింది కాదు. 1980లో ఆ నిబంధన రాసినప్పుడు మంచి ల్యాబ్‌లు నమ్మకంగా కొలవగలిగిన అతి చిన్న మోతాదు ఇంచుమించు అంత. తాగే నీటిలో ఇవి ఉండనే కూడదు, కానీ సున్నాను కొలవలేం, కాబట్టి కొలవగలిగిన చివరి మెట్టునే సున్నా అనుకుందాం అన్నారు. యంత్రం చూపు ఎంతవరకో చట్టం గీత అంతవరకు.

ఆ అంకె మన దేశానికీ వచ్చింది, మరో దారిన. 2003లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ తన ల్యాబ్‌లో సీసా నీళ్లను, తర్వాత కూల్‌డ్రింకులను పరీక్షించి పురుగుమందుల అవశేషాలున్నాయని ప్రకటించింది. గొడవ పార్లమెంటు సంయుక్త కమిటీ దాకా పోయింది. 2004 జనవరి 1 నుంచి ప్యాకేజ్డ్ నీటికి యూరప్ అంకెలే అమల్లోకి వచ్చాయి. ఫలితంగా ఇప్పుడు దుకాణంలో కొనే సీసాకు అట్రజిన్ హద్దు 0.1, ఇంట్లో కొళాయికి 2. డబ్బు పెట్టి కొనే నీటి ప్రమాణం ఇరవై రెట్లు కఠినం. నాకైతే ఈ తేడాను సమర్థించే శాస్త్రీయ కారణం ఒక్కటీ కనబడదు.

లీటరుకు 0.1 మైక్రోగ్రాము అంటే ఎంతో ఊహకు అందాలంటే పదివేల లీటర్ల నీళ్ల ట్యాంకర్లు వెయ్యి వరుసగా నిలబెట్టాలి. వాటన్నిటిలో కలిపి ఒక్క గ్రాము. దాన్ని పట్టడమే కాదు, ఎంతుందో అంకె చెప్పాలి, అది అట్రజినే తప్ప మరొకటి కాదని కోర్టులో నిలిచేలా చూపించాలి.

ఈ పని యంత్రం దగ్గర మొదలు కాదు, నీటి ఒడ్డున మొదలవుతుంది. చాలా పరీక్షలు చెడేది అక్కడే. అట్రజిన్ కోసమైతే ముదురు గోధుమ రంగు గాజు సీసా కావాలి, వెలుతురు తగలకూడదు. సీసాను ముందే ద్రావణితో కడిగి ఆరబెట్టాలి. అదే పారాక్వాట్ కోసమైతే గాజు పనికిరాదు. దాని ధనావేశం గాజు గోడకు అతుక్కుపోతుంది, సీసా గోడ మీద మందు, లోపలి నీటిలో శూన్యం. దానికీ, గ్లైఫోసేట్‌కూ ప్లాస్టిక్ సీసానే నయం. కొళాయి నీళ్లయితే అందులోని క్లోరిన్ దారిలో కొన్ని మందులను తినేస్తుంది, కాబట్టి సీసాలో ముందే కొంచెం సోడియం సల్ఫైట్ లాంటిది వేసి క్లోరిన్‌ను చంపాలి. ఐస్ పెట్టెలో పెట్టి తేవాలి. ఆపైన ల్యాబ్‌లోని శుద్ధమైన నీటితో నింపిన సీసానొకదాన్ని కూడా వెంట తీసుకెళ్లి, ఒడ్డున మూత తీసి, మళ్లీ పెట్టి తేవాలి. అందులో కూడా మందు కనబడితే తప్పు నదిది కాదు, తెచ్చినవాళ్లది.

ఎప్పుడు తేవాలన్నది సీసా కంటే ముఖ్యం. కలుపు మందు నీటిలో ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. చల్లిన తర్వాత వచ్చే మొదటి పెద్ద వానకో, మొదటి తడికో ఒక్కసారిగా పైకి లేచి, కొద్ది రోజుల్లో దిగిపోతుంది. అమెరికా మొక్కజొన్న ప్రాంతంలో నాట్ల తర్వాతి వానలకు నదుల్లో అట్రజిన్ ఇలా ఎగసిపడటాన్ని 1990ల మొదట్లో అక్కడి భూగర్భ సర్వే శాస్త్రవేత్తలు చక్కగా నమోదు చేశారు. దక్షిణ గుజరాత్‌లో చెరకు నాట్లు ఎక్కువగా అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా, అంటే వాన లేని కాలంలో, కాలువ తడుల మీద. వరి నాట్లు జూన్, జూలైలో. కాబట్టి ఇక్కడ వెతకాల్సిన శిఖరాలు రెండు: శీతాకాలపు తడుల తర్వాత పొలాల చివరి కాలువల్లో ఒకటి, రుతుపవనాల మొదటి వారాల్లో ఖాడీల్లో రెండోది. మే నెలలో తీరిగ్గా ఒక సీసా నింపుకుని వచ్చి "ఏమీ లేదు" అని రాసుకోవడం తేలిక. ఈ ఇబ్బందికి ఒక విరుగుడు కూడా కనిపెట్టారు. శోషక పదార్థం నింపిన చిన్న పలకను నీటిలో రెండు మూడు వారాలు వేలాడదీస్తారు. ఆ రోజుల్లో వచ్చిపోయిన మందంతా కొంచెం కొంచెంగా అందులో చేరుతుంది. కచ్చితమైన అంకె ఇవ్వదు గానీ, మనం లేనప్పుడు ఏం దాటిపోయిందో చెబుతుంది.

ల్యాబ్‌కు చేరిన లీటరు నీటిని మొదట వడపోస్తారు. ఇక్కడా ఒక ఉచ్చు ఉంది. పెండిమిథాలిన్ లాంటి మందులు నీళ్లలో దాదాపు కరగవు, బురద రేణువుల మీదే ప్రయాణిస్తాయి. వడపోత కాగితాన్ని చెత్తబుట్టలో వేస్తే పెండిమిథాలిన్‌ను కూడా అందులోనే వేసినట్టు. వానాకాలపు తాపీ బురద నీటిని పరీక్షించేవాళ్లు ఆ మట్టిని విడిగా ద్రావణితో కడిగి చూడాలి.

తర్వాత చిక్కబరచడం. పాత పద్ధతిలో నీటిని గరాటులో డైక్లోరోమీథేన్‌తో కలిపి కుదిపేవారు. మందు ఆ ద్రావణిలోకి దిగేది, వాసన ల్యాబ్ అంతటా నిండేది. ఇప్పుడు వేలెడంత ప్లాస్టిక్ గొట్టం. దాని లోపల కార్బన్ గొలుసులు అతికించిన సిలికా పొడి గానీ, నీటినీ నూనె గుణమున్న పదార్థాలనూ రెండింటినీ దగ్గరకు రానిచ్చే పాలిమర్ పూసలు గానీ ఉంటాయి. ముందు మెథనాల్‌తో, తర్వాత నీటితో తడిపి, లీటరు నీటిని చుక్కచుక్కగా దాని గుండా లాగుతారు. రెండు గంటలు పట్టే పని. నీరు వెళ్లిపోతుంది, అట్రజిన్ పూసల మీద ఉండిపోతుంది. ఆపైన కొన్ని మిల్లీలీటర్ల మెథనాల్ గానీ ఇథైల్ అసిటేట్ గానీ పోస్తే మందు దిగి వస్తుంది. దాన్ని నైట్రోజన్ గాలి కింద ఆరబెట్టి ఒక్క మిల్లీలీటరుకు తెస్తే, లీటరులో ఉన్నదంతా అందులో ఉన్నట్టు, వెయ్యి రెట్లు చిక్కన. ఐఎస్ 10500 పేర్కొన్న అమెరికా పర్యావరణ సంస్థ 525.2 పద్ధతికి ఈ చిన్న గొట్టమే ఆధారం.

కాకపోతే గొట్టం అట్రజిన్‌తో పాటు మరో వంద పదార్థాలనూ పట్టుకుంది. వాటిని విడదీయాలి. అందుకు క్రొమటోగ్రఫీ. సన్నటి పొడవాటి గొట్టం గుండా ఈ మిశ్రమాన్ని వాయువుతో గానీ ద్రవంతో గానీ తోస్తారు. గొట్టం లోపలి పూత ఒక్కో పదార్థాన్ని ఒక్కోలా పట్టి ఆపుతుంది. సూరత్ రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లోకి ఒకే ద్వారంలోంచి అడుగుపెట్టిన చుట్టాల గుంపు అవతలి ద్వారం దగ్గర ఎలా తేలుతుందో అలాగే: ప్రతి చీరల దుకాణం దగ్గరా ఆగేవాళ్లు ఆఖర్న, ఏదీ పట్టించుకోనివాళ్లు మొదట. ఏ పదార్థం ఎన్ని నిమిషాలకు బయటికొస్తుందో, అదే స్థితిలో ప్రతిసారీ ఇంచుమించు అదే సమయానికి వస్తుంది. ఆర్చర్ మార్టిన్, రిచర్డ్ సింజ్‌లకు ఈ విద్యకే 1952లో నోబెల్ వచ్చింది.

ద్వారం దగ్గర కాపలా కాసేదే డిటెక్టర్. జేమ్స్ లవ్‌లాక్ 1957లో చేసిన ఎలక్ట్రాన్ క్యాప్చర్ డిటెక్టర్ క్లోరిన్ ఉన్న అణువులను అద్భుతంగా పసిగట్టింది. డీడీటీ లాంటివి ఊహించని చోట్ల కూడా ఉన్నాయని లోకానికి తెలిసింది చాలావరకు దాని వల్లే. అట్రజిన్ అణువులో ఒక క్లోరిన్‌తో పాటు ఐదు నైట్రోజన్లు ఉన్నాయి, కాబట్టి నైట్రోజన్‌ను చూసే డిటెక్టర్ దానికి ఇంకా బాగా నప్పింది. అయితే ఈ రెండిటికీ ఒకే లోపం: ఏదో వచ్చిందని చెబుతాయి, ఎవరొచ్చారో చెప్పవు. వచ్చిన సమయాన్ని బట్టి మనం ఊహించుకోవాలి. ఖాడీ నీటి లాంటి కలగాపులగంలో అదే నిమిషానికి ఇంకొకటి కూడా రావచ్చు.

పేరు పట్టి చెప్పడం మాస్ స్పెక్ట్రోమీటర్ పని. అణువుకు ఆవేశం ఇచ్చి, దాని బరువు తూస్తుంది. నీళ్లలోంచి అణువును విరగకుండా, ఆవేశంతో గాలిలోకి లేపే ఎలక్ట్రోస్ప్రే పద్ధతికి జాన్ ఫెన్ 2002లో నోబెల్ పంచుకున్నారు. 1978లో అమెరికాలో యోస్ట్, ఎంకే అనే ఇద్దరు చూపించిన ట్రిపుల్ క్వాడ్రుపోల్ అమరికను దానికి జోడిస్తే ఇవాళ్టి అవశేషాల ల్యాబ్ గుండెకాయ సిద్ధం. అట్రజిన్ ఇందులో 216 బరువున్న అయాన్‌గా వస్తుంది. మొదటి వడపోత 216ను మాత్రమే లోపలికి రానిస్తుంది. మధ్య గదిలో దాన్ని ఆర్గాన్ లాంటి వాయువుతో ఢీకొట్టిస్తారు. అణువుకు ఒక పక్కనున్న మూడు కార్బన్ల తోక 42 బరువుతో ఊడిపోయి 174 మిగులుతుంది. మరికొన్ని ఇంకా విరిగి 96 అవుతాయి. చివరి వడపోత ఈ ముక్కలనే లెక్కిస్తుంది. సరైన నిమిషానికి రావాలి, 216 నుంచి 174 కనబడాలి, 216 నుంచి 96 కనబడాలి, ఆ రెండిటి నిష్పత్తి స్వచ్ఛమైన అట్రజిన్‌తో సరిపోవాలి. నాలుగూ కుదిరితేనే రిపోర్టులో ఆ పేరు రాస్తారు.

ఇంత పకడ్బందీ యంత్రాన్నీ మోసం చేసేది నీళ్లలోని మిగతా సరుకే. సూరత్ ఖాడీ నీటిలో అద్దకపు రంగులు, సబ్బు గుణమున్న రసాయనాలు, ఉప్పు, మురుగు అన్నీ ఉండొచ్చు. ఇవి అట్రజిన్ బయటికొచ్చే క్షణానికే వస్తే ఎలక్ట్రోస్ప్రే బిందువుల్లో ఆవేశం కోసం తోపులాట మొదలై అట్రజిన్‌కు వాటా తగ్గుతుంది. నీటిలో 2 మైక్రోగ్రాములున్నా యంత్రం ఒకటే అంటుంది. మురికి నీళ్లు శుభ్రంగా కనబడటమన్న మాట. దీనికి విరుగుడు నాకు ఈ విద్యలో అన్నిటికంటే తెలివైన ఎత్తుగా తోస్తుంది. ఐదు హైడ్రోజన్ల స్థానంలో బరువైన డ్యుటీరియం పెట్టి తయారుచేసిన అట్రజిన్‌ను, తెలిసిన మోతాదులో, నీటిని గొట్టంలో పోయకముందే కలుపుతారు. రసాయనంగా అది అట్రజినే, బరువు మాత్రం 221. గొట్టంలో నష్టపోతే ఇదీ అంతే నష్టపోతుంది, తోపులాటలో అణగిపోతే ఇదీ అంతే అణగిపోతుంది. కలిపినదాంట్లో ఎంత తిరిగొచ్చిందో చూసి అసలు దాన్ని సరిదిద్దుకుంటారు. ఈ ఏర్పాటు లేకుండా ఖాడీ నీటి మీద ఇచ్చిన అంకెను నేనైతే నమ్మను.

ఈ దారికి రాని మందులున్నాయి. 2,4-డి ఆమ్లం. మామూలు నది నీటిలో అది ఋణావేశంతో తిరుగుతూ గొట్టంలోని పూసలను పట్టించుకోదు. నీటిలో ఆమ్లం పోసి పీహెచ్ 2కు దించితే ఆవేశం పోయి దారికొస్తుంది. వాయు క్రొమటోగ్రఫీలో పెట్టాలంటే దాన్ని ముందు మిథైల్ ఎస్టరుగా మార్చాలి. ఎలక్ట్రోస్ప్రే యంత్రం వచ్చాక ఆ బాధ తప్పింది. పారాక్వాట్ కథ సీసా దగ్గరే విన్నాం. అసలు తలనొప్పి గ్లైఫోసేట్. ప్రపంచంలో అత్యధికంగా చల్లే కలుపు మందును కొలవడమే కష్టం అన్నది ఈ రంగంలోని పెద్ద వింత. అది ఏ సేంద్రియ ద్రావణిలోకీ దిగదు, వేడికి ఆవిరవదు, కాంతిని పీల్చదు, మెరవదు. దానికి ఎఫ్‌మాక్ అనే మెరిసే తోకను అతికించి, అప్పుడు పట్టుకుంటారు. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న బోరు నీళ్లయితే గ్లైఫోసేట్ వాటితో జట్టుకట్టి తోక అతకనివ్వదు. ముందు ఆమ్లంతో ఆ జట్టును విడగొట్టాలి. అట్రజిన్ కోసం చేసిన పరీక్షలో గ్లైఫోసేట్ కనబడకపోవడంలో వింతేమీ లేదు, దాన్ని చూసే కన్నే ఆ పద్ధతికి లేదు.

గ్లైఫోసేట్ నేలలో విరిగి ఆంపా అనే పదార్థమవుతుంది. నీటిలో ఆంపా కనబడితే ఎగువన గ్లైఫోసేట్ చల్లారని అనుకోవడం మామూలు. సూరత్‌లో ఆ అనుమానాన్ని వెంటనే నమ్మకూడదు. డిటర్జెంట్లలో, బట్టలను పెరాక్సైడ్‌తో తెల్లబరిచే చోట నీటిలోని లోహాలను కట్టేయడానికి వాడే ఫాస్ఫోనేట్లు కూడా విరిగి ఆంపానే ఇస్తాయి. పొలం నేరమో, మిల్లు నేరమో ఆ ఒక్క అణువు చెప్పదు. పైనున్న పొలాల కాలువలో ఒక సీసా, మిల్లులు దాటాక ఒక సీసా తీసి పోల్చి చూడాల్సిందే.

విరిగిన ముక్కలు దారి తప్పించడమే కాదు, ఒక్కోసారి దారి చూపిస్తాయి కూడా. అట్రజిన్‌ను నేలలోని సూక్ష్మజీవులు ఇథైల్ తోక తెంపి డీఇథైల్ అట్రజిన్‌గా మారుస్తాయి. నీటిలో అట్రజిన్ ఎక్కువ, ఈ ముక్క తక్కువ ఉంటే మందు నేలతో పెద్దగా పరిచయం లేకుండా వానతో ఉరికి వచ్చిందన్నమాట. ముక్కలే ఎక్కువుంటే మట్టి పొరల్లో నెలల తరబడి ఇంకి ఇంకి వచ్చింది. 1990ల నాటి అమెరికా పరిశోధకులు ఈ నిష్పత్తినే భూగర్భ జలాలకు మందు చేరిన దారి కనుక్కోవడానికి వాడుకున్నారు. నవాగామ్‌లో ఒక బోరు నీళ్లనూ, ఖాడీ నీళ్లనూ ఇలా పక్కపక్కన పెట్టి కొలిస్తే, ఒక్క అంకె కంటే ఎక్కువ సంగతి చెబుతాయి.

ఇన్ని యంత్రాలు లేకుండా పని జరగదా అంటే, కొంతవరకు జరుగుతుంది. ఎలైజా కిట్ ఉంది. అట్రజిన్ అంత చిన్న అణువును ఒంట్లోని రక్షణ వ్యవస్థ పట్టించుకోదు. దాన్ని ఒక ప్రోటీన్‌కు అంటించి జంతువుకు ఎక్కిస్తే దానికి ప్రతిరక్షకాలు తయారవుతాయి. వాటిని చిన్న గుంటల్లో పూసి, రంగు తెచ్చే ఎంజైమ్ తగిలించిన అట్రజిన్‌నూ, మన నీటినీ కలిపి పోస్తారు. నీటిలో మందు ఎక్కువుంటే ప్రతిరక్షకాల సీట్లు అదే ఆక్రమిస్తుంది, రంగు తక్కువొస్తుంది. తిరకాసు లెక్క: రంగు పలచనైన కొద్దీ నీళ్లు చెడ్డవి. గంటలో డజన్ల నమూనాలు చూడొచ్చు, ఖర్చు తక్కువ. కానీ ప్రోపజిన్ లాంటి దగ్గరి చుట్టాలను చూసి అట్రజినే అనుకునే బలహీనత ఉంది. ఎక్కడ వెతకాలో చెప్పడానికి ఇది, ఏముందో తేల్చడానికి యంత్రం. నాచును వాడే పద్ధతి ఇంకా వేరు. అట్రజిన్, మెట్రిబుజిన్, చెరకులోనే చల్లే డయురాన్ అన్నీ ఆకుపచ్చ కణంలో కిరణజన్య సంయోగక్రియ నడిచే ఒకే మెట్టును అడ్డుకుంటాయి. అడ్డుపడితే, వాడుకోలేని వెలుతురును నాచు ఎర్రటి మెరుపుగా తిరిగి వదులుతుంది. ఆ మెరుపు కొలిస్తే పేర్లు తెలియకపోయినా మొత్తం దెబ్బ ఎంతో తెలుస్తుంది. మనం జాబితాలో రాయని మందును కూడా నాచు వదలదు. ఈ గుణం యంత్రానికి లేదు.

నవ్‌సారి వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఆహార నాణ్యత పరీక్షా కేంద్రం ఉంది, సూరత్‌కు పెద్ద దూరం కాదు. ఆనంద్‌లోనూ, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోనూ పురుగుమందుల అవశేషాలపై అఖిల భారత నెట్‌వర్క్ కేంద్రాలున్నాయి. ఎక్కడ చేయించినా రిపోర్టులో "కనబడలేదు" అన్న మాట పక్కన ఒక అంకె ఉండాలి: ఇంతకంటే తక్కువైతే మేం కొలవలేం అన్న హద్దు. ఆ హద్దు 5 మైక్రోగ్రాములైతే, 2 దాటకూడని అట్రజిన్ విషయంలో ఆ రిపోర్టు ఏమీ చెప్పనట్టే. కలిపి చూసిన తెలిసిన మోతాదులో ఎంత శాతం తిరిగొచ్చిందో కూడా ఉండాలి. 70 నుంచి 120 శాతం మధ్య ఉంటే పని సవ్యంగా జరిగినట్టు.

ఇక జాబితా సంగతి. ఐఎస్ 10500లోని పురుగుమందుల పట్టికలో కలుపు మందులు ఐదే: అలాక్లోర్, అట్రజిన్, బ్యూటాక్లోర్, ఐసోప్రోట్యురాన్, 2,4-డి. అలాక్లోర్‌ను దేశంలో 2020 చివరితో నిషేధించారు. ఐసోప్రోట్యురాన్ ఉత్తరాది గోధుమ పొలాల మందు. చెరకులో చల్లే మెట్రిబుజిన్, డయురాన్ ఆ పట్టికలో లేవు. వరిలో వాడే ప్రెటిలాక్లోర్ లేదు. పెండిమిథాలిన్, గ్లైఫోసేట్, పారాక్వాట్ లేవు. ఆ పట్టిక ప్రకారం నిక్కచ్చిగా పరీక్షించి, అన్నీ హద్దులోపే అని ముద్ర వేసిన నీటి గురించి ఈ ఆరు మందుల విషయంలో మనకు తెలిసిందేమీ ఉండదు. శుద్ధి చేస్తే పోతాయి కదా అంటే, పటిక వేసి, ఇసుకలో వడపోసి, క్లోరిన్ కలిపే మామూలు శుద్ధి అట్రజిన్‌ను పెద్దగా తొలగించదు. అందుకు ఉత్తేజిత బొగ్గు కావాలి. ఏ నెలలో బొగ్గు వేయాలో తెలియాలంటే ముందు ఆ నెలలో ఏం వస్తోందో తెలియాలి.

కొత్త తరం హై రిజల్యూషన్ మాస్ స్పెక్ట్రోమీటర్లు ముందుగా పేర్లు అడగవు. అయాన్‌గా మారి లోపలికి వచ్చిన ప్రతి అణువు బరువునూ దశాంశం తర్వాత నాలుగు అంకెల దాకా తూచి దాచుకుంటాయి. గ్లైఫోసేట్ లాంటి మొండివాటికి వీటికీ వేరే ఏర్పాటు కావాల్సిందే, ఖరీదూ ఎక్కువే. కానీ దాచిన ఆ ఫైలును మూడేళ్ల తర్వాత కొత్త మందు పేరుతో మళ్లీ వెతకొచ్చు. అటువంటి యంత్రం అందుబాటులోకి వచ్చేలోపు సూరత్ తూర్పు ఖాడీలకు చేయదగ్గ పని చిన్నదే: అట్రజిన్, దాని డీఇథైల్ ముక్క, మెట్రిబుజిన్, డయురాన్, 2,4-డి, ప్రెటిలాక్లోర్, విడిగా గ్లైఫోసేట్, ఆంపా. డిసెంబరు, జనవరి తడుల తర్వాత ఒకసారి, జూన్ చివరి వానల్లో వారం వారం. మిల్లులకు ఎగువన ఒక చోట, దిగువన ఒక చోట.